నిప్పునోటి ముసలి

ముందే చెప్పేస్తన్నాను, నేను బొమ్మలతో ఆడుకోను. బొమ్మలకి రంగులేస్తాను. రెండూ ఒకటి కాదు. ఈ తేడా బెంగాల్లో మా తెలుగోళ్ళ రైల్వే కాలనీ, న్యూ సెటిల్‌మెంట్లో ఒక్కరి బుర్రకీ ఎక్కదు. వర్క్‌షాప్‌లో నాతో పాటు చక్రాల పని చేసే బెంగాలీ దాదా కూడా పొద్దున్నే నన్ను చూడగానే "కీ రే, పుతుల్ ఖేలా హొచ్ఛే?" అంటాడు, బొమ్మలాట బాగా సాగుతున్నాదేటి అని. నేను పళ్ళు నూరుకుంటూ లోపలికి పోతాను.

బొటనవేలంత బొమ్మలండీ అవి. కత్తులు పట్టుకున్న వీరులు, కోరల రాక్షసులు, రెక్కలున్న పాములు. కలకత్తాలో ఒకడు త్రీడీ ప్రింటర్ మీద తీసి అమ్ముతాడు. వచ్చినప్పుడు బూడిదరంగు ముద్దల్లాగ ఉంటాయి. వాటికి ముందు నల్లరంగు కొట్టి, ఆరబెట్టి, నాలుగు వెంట్రుకల బ్రష్‌తో ఒక్కొక్క కంటికీ, ఒక్కొక్క గోరుకీ రంగు పెట్టాలి. కన్ను పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. చెయ్యి వణికినాదంటే వీరుడు కాస్తా మెల్లకన్నోడైపోతాడు. ఆ బొమ్మలు తిరగడానికి ఊరు కావాలి కాబట్టి ఊరు కూడా నేనే కడతాను. థర్మోకోల్ కోసి కొండలు, ఐస్‌క్రీమ్ పుల్లలతో తలుపులు, రంపప్పొట్టుకి పచ్చరంగు పట్టించి గడ్డి. వాడేసిన టీపొడిని ఎండబెట్టి జిగురు మీద చల్లితే అచ్చం మట్టినేలే. ఆదివారం పూట ముగ్గురు స్నేహితులొస్తారు. నేను కథ నడుపుతాను, వాళ్ళు వీరుల్ని నడుపుతారు, దెబ్బ తగిలినాదో లేదో పాచిక చెప్తాది. ఇంతే ఆట. ఇందులో సిగ్గుపడాల్సింది ఏటీ లేదని నేను చాలామందితో వాదించినాను. సిగ్గుపడాల్సినది వేరే ఉన్నాది, అదే చెప్తాను.

ఆ టీపొడి ఇచ్చేది మా పక్క క్వార్టర్ నూకాలమ్మ పిన్ని. మా అమ్మకి స్నేహితురాలు. మా రెండిళ్ళకీ మధ్యన ఒకటే గోడ. మా అమ్మ ఆస్పత్రిలో మంచం పట్టిన రోజుల్లో పిన్నే నాకు అన్నం పెట్టినాది. అమ్మ పోయినాక కూడా పెట్టడం ఆపలేదు. ఆవిడ కొడుకు నూకరాజు గూడ్సుబండి మీద డ్యూటీకి పోతే రెండు మూడు రోజులు ఇంటికి రాడు, అప్పుడు వాడి వాటా కూడా నాకే. నా ఇంటి తలుపు ఆవిడకి ఎప్పుడూ తీసే ఉంటాది. "ఒరే పేమూ, ఎండుసేపల పులుసు ఎట్టినాను, ఏడిగా ఉన్నప్పుడే తిను" అంటూ గిన్నె నా రంగుసీసాల మధ్యలో పెట్టేస్తాది. నేను అరుస్తాను. ఆవిడ పట్టించుకోదు.

మరి ఇంత మంచి మనిషి మీద కోపం ఎందుకొచ్చినాదంటే, నాకు ఒక సంబంధం వచ్చినాది. పలాస వాళ్ళు. పిల్ల బాగున్నాది, నవ్వితే ఇంకా బాగున్నాది. నేనూ నచ్చినానని మధ్యవర్తి చెప్పినాడు. ఇంకేటి, నేను ముందుగదికి సున్నం కూడా వేయించేసినాను. పిల్ల మేనమామ వాకబు చేయడానికని మా క్వార్టర్ల లైన్లోకి వచ్చి, తిన్నగా పిన్ని ఇంట్లో కూకొని టీ తాగినాడు. కుర్రోడు ఎలాంటోడండీ అని అడిగినాడు. ఆవిడ చెప్పినాది కదా:

"బంగారమండి. తాగడు, పేకాడడు. ఖరిదా బజారుకెల్లినా కూరలట్టుకొని తిన్నగా ఇంటికొచ్చేస్తాడు. ఆదివారం వచ్చినాదంటే తలుపేసుకొని బొమ్మల్తో ఆడుకుంటాడు, సంటిపిల్లడి నాగ."

ఆయన టీ కప్పు కింద పెట్టి వెళ్ళిపోయినాడు. ముప్పై ఆరేళ్ళోడు తలుపేసుకొని బొమ్మలతో ఆడుకుంటాడంటే ఎక్కడో తేడా ఉన్నాదని పలాసలో అనుకున్నారట. సంబంధం తప్పిపోయినాది. పిన్ని మాత్రం "నాను మంచే సెప్పినాను కదరా" అని బిక్కమొహం పెట్టినాది.

నాకు ఒళ్ళు మండిపోయినాది. తిట్టాలని ఉన్నాది, తిట్టలేను. ఆవిడ పెట్టిన తిండితో పెరిగిన ఒళ్ళు ఇది. పోనీ మాట్లాడడం మానేద్దామంటే గిన్నె వచ్చి బల్ల మీద కూర్చుంటాది. తిట్టలేనోడు ఏం చేస్తాడు? నేను బొమ్మ చేసినాను.

కలకత్తా వాడి దగ్గర ఒక మంత్రగత్తె బొమ్మ తెప్పించినాను. దాని ముక్కూ మొహం చెక్కేసి, పైన ఎంసీల్ ముద్దతో పిన్నిని పెట్టినాను. ఎడమకి ఒరిగే నడుము. దారం కట్టిన కళ్ళద్దాలు. రెండు ముక్కుపుడకలు, మధ్యన బులాకీ. ఒళ్ళంతా నీలం రంగు, పెదాల పక్కనుంచి రెండు కోరలు. అన్నిటికంటే ముఖ్యం చుట్ట. పిన్ని అడ్డపొగ తాగుతాది, అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకొని పీలుస్తాది. శ్రీకాకుళం వైపు పాతకాలం ఆడోళ్ళకి అది అలవాటు. చిన్నప్పుడు ఆవిడ నోరు తెరిస్తే లోపల ఎర్రగా కనబడేది, నాకు భలే భయం వేసేది. ఆ ఎరుపుని పట్టుకున్నాను. నోటి లోపల పసుపు, దాని చుట్టూ నారింజ, అక్కడనుంచి పళ్ళ మీదకీ గడ్డం మీదకీ సన్నగా ఎర్రని వెలుగు. నా జన్మలో అంత బాగా రంగు వేయలేదు. కోపానికి చెయ్యి వణకదని అప్పుడే తెలిసినాది.

దానికి ఇల్లు కూడా కట్టినాను. మా క్వార్టర్ల లైనే, అదే ఎర్రపెంకు, అదే నీళ్ళ కుళాయి. ఇళ్ళ పైకప్పులన్నీ మూతల్లాగ లేస్తాయి, లోపల బొమ్మల్ని పెట్టడానికి. పిన్ని ఇంటి గుమ్మంలో పుర్రెలు పేర్చినాను. లోపల పొయ్యి, పొయ్యి మీద ఆవిడ వంటగిన్నె, మసిపట్టి చెవి వంగిన అదే గిన్నె. గిన్నెలోనుంచి పైకి వచ్చిన చిన్నపిల్లల చేతులు. ఎందుకంటే నా కథలో ఈ ముసలిది పిల్లల్ని వండుకొని తింటాది. వీరులొచ్చి దీన్ని చంపితే ఆట అయిపోతాది.

ఆ ఆదివారం ముగ్గురికీ చూపించినాను. వరాహనరసింహం మాస్టారి అబ్బాయి కృష్ణచైతన్య, రైల్వే డీఆర్ఎం ఆఫీసులో పనిచేస్తాడు, వాడైతే కళ్ళల్లో నీళ్ళొచ్చేటట్టు నవ్వినాడు. మలంచా బజార్లో మొబైల్ షాపు పెట్టుకున్న జాయ్ ఫొటోలు తీసుకున్నాడు. వాడి చెల్లెలు షైని ఒక్కత్తే "పాపం కదా" అన్నాది, అని తను కూడా నవ్వినాది. నిప్పునోటి ముసలి అని పేరు పెట్టినాము. వచ్చే ఆదివారం దీన్ని చంపుదామని అనుకున్నాము. ఆ రోజు నాకు కడుపు నిండిపోయినట్టు ఉన్నాది. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తాది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం. వర్క్‌షాప్ సైరన్ అయినాక సైకిలేసుకొని వచ్చేసరికి నా తలుపు బార్లా తీసి ఉన్నాది. లోపల బల్ల ముందర పిన్ని కూర్చున్నాది. కళ్ళద్దాలు పైకి తోసుకొని, ఆ బొమ్మని అరచేతిలో పెట్టుకొని కిటికీ వెలుగులో చూస్తన్నాది.

నా కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయినాయి. సైకిలెక్కి మళ్ళీ ఎటైనా పోదామా అనిపించినాది.

"ఒరే పేమూ," అన్నాది ఆవిడ, తల ఎత్తకుండానే. "ఇది నానే కాదేటి?"

నేను సైకిలుని గోడకి ఆనించినాను.

"నా కల్లజోడు, నా బులాకి. సుట్ట కూడా ఎట్టీసినావు." ఆవిడ బొమ్మని ఇంకోవైపు తిప్పినాది. "ఎవుల్నడిగి సేసినావురా?"

ఇంక అయిపోయినానని అనుకున్నాను. కాళ్ళ మీద పడిపోదామా, ఇది వేరే ఎవరిదో అని బొంకుదామా అని ఆలోచిస్తన్నాను. ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకున్నాది.

"మాయమ్మకి నాకు ముందర పుట్టినోలు ఒక్కలూ బతకనేదు. అనకాపిల్లి నూకాలమ్మ తల్లికి మొక్కుకుంటే నాను దక్కినాను. అందుకే నాకీ పేరు. ఈ సంగతి నీకు ఎవులు సెప్పినారు, మీయమ్మ సెప్పినాదేటి? నీలం ఒల్లు, కోరలు, నోట్ల నిప్పు. తల్లి ఉగ్రంగా ఉన్నప్పుడు ఇలగే ఉంటాదిరా. తల్లిని సేసి నా మొకం ఎట్టినావు."

ఊళ్ళలో ఉన్న అమ్మవార్లకి కోరలుంటాయి, నాలుక బయటికి ఉంటాది, కళ్ళు ఉరిమి చూస్తాయి. చిన్నప్పటినుంచి దండం పెట్టుకున్న మొహాలే అవి. నేను రాక్షసిని చేద్దామని ఏవేవి పెట్టినానో అవన్నీ ఆవిడకి అమ్మవారి గుర్తులే. నా బుర్రకి అది తట్టనే లేదు.

"నా పెల్లికి పొటో కూడా తియ్యనేదురా," అన్నాది. "ఆధార్ కార్డు మీద ఒకటున్నాది, దొంగదాన్ని అట్టుకున్నట్టు ఉంటాది. నన్ను ఇలగ సూసినోడు నువ్వొక్కడివే."

అప్పుడు చెప్పాల్సినాది. ఒక్క మాట. లేదు పిన్నీ, కోపంతో చేసినాను, తప్పయిపోయినాది, కొట్టు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చినాది కూడా.

"అవును పిన్నీ," అన్నాను.

ఆవిడ చెంగుముడి విప్పి గుడి కుంకం పొట్లం తీసినాది. వేలికొసతో బొమ్మ నుదుట బొట్టు పెట్టినాది. ఆవిడ వేలెంతో బొమ్మంతే, కుంకం నుదురంతా పట్టి ఒక కన్ను మూసేసినాది. ఊపిరి బిగబట్టి పెట్టిన కన్ను అది. వేరే ఎవరైనా అయితే ఇల్లెగిరిపోయేటట్టు అరిచేవాణ్ణి. ఆ పూట కిక్కురుమనలేదు.

మర్నాటికి మా లైనంతా తెలిసిపోయినాది. కుళాయి దగ్గర పిన్ని అందరికీ చెప్పుకున్నాది మరి. సాయంత్రానికి ఆడవాళ్ళు నా ఇంటి ముందర చెప్పులు విడిచి లోపలికి వస్తన్నారు. చెప్పులు విడిచి, నా రంగుల గదిలోకి! చైతన్య వాళ్ళమ్మ దుర్గాంబ గారు కూడా వచ్చినారు. ఆవిడ గుడి కమిటీలో ఉన్నారు, ఇదివరకు నన్ను చూస్తే నవ్వాపుకుంటూ పోయేవారు. బొమ్మ ముందర వంగి చాలాసేపు చూసి లేచి నిలబడ్డారు.

"ఇన్నాళ్ళూ నువ్వేదో పిల్లాటలు ఆడుతున్నావనుకున్నాం నాయనా," అన్నారు. "తప్పు మాదే. అన్నం పెట్టిన మనిషిలో అమ్మవారిని చూడడమంటే మాటలు కాదు. నీ మనసు గొప్పది."

చూడండి నా తలరాత. ఇలాంటి మాట ఒక్కటి ఎవరైనా అంటారేమోనని ఎన్నేళ్ళు ఎదురుచూసినానో నాకే తెలుసు. వచ్చినాది. దీనికి వచ్చినాది. ఆవిడ వెనకాల చైతన్య ఫ్యాను వైపు చూస్తా నిలబడినాడు. పిన్ని నా పక్కనే, సంబరంగా, నా భుజం మీద చెయ్యేసి ఉన్నాది. ఆ చెయ్యి ఎప్పుడు తీస్తాదా అని చూసినాను. సిగ్గుకి చెవులు వేడెక్కిపోతాయంటారు, నాకు ఒళ్ళంతా వేడెక్కిపోయినాది.

ముగ్గురినీ జాయ్ షాపు దగ్గర కలిసినాను.

"వెళ్ళి చెప్పేయరా," అన్నాడు చైతన్య. "మా అమ్మ నిన్న రాత్రి అన్నం తింటూ కూడా నీ గురించే. నాకు ముద్ద దిగలేదు."

"చెప్తే వీడి బరువు దిగుతాది," అన్నాది షైని. "ఆవిడ ఏం చేస్తాది? అందరికీ చెప్పుకున్నాది కదా. వాళ్ళ మొహాలు ఎలగ చూస్తాది?"

నేను షైని మాట పట్టుకున్నాను. అది సరైన మాటని కాదు, నాకు వీలుగా ఉన్నాదని. ఆట ఆపేద్దామంటే అదీ కుదరదు. ఆదివారం ఆట చూడ్డానికి వస్తానని పిన్ని అప్పుడే చెప్పేసినాది. మా తల్లి ఏటి సేస్తాదో సూడాలి కదా, అన్నాది. అందుకని కథ మార్చేసినాము. ముసలిది ఇప్పుడు ఊరిని కాపాడే తల్లి. తోడేళ్ళు ఊరి మీద పడతాయి, వీరులు వాటిని చంపి తల్లి గుమ్మానికి వచ్చి దండం పెడతారు, ఆవిడ వరమిస్తాది. ఇంటికి వచ్చి గుమ్మంలో పుర్రెలన్నీ చాకుతో ఊడబీకినాను, ఆ మచ్చల మీద టీపొడి చల్లినాను. ఊరంతా ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. పైనుంచి చూసినాను.

ఆదివారం పిన్ని పట్టుచీర కట్టుకొని వచ్చినాది. పెద్ద గిన్నెతో పులిహోర తెచ్చినాది. కుర్చీ వేస్తే బల్లకి దగ్గరగా జరుపుకొని, కళ్ళద్దాలు సర్దుకొని కూర్చున్నాది. ఇది మన లైనేరా, ఇది కులాయి, ఇది దుర్గాంబ గారి సందు, అని ఒక్కొక్కటీ చూపిస్తా మురిసిపోయినాది. ఇరవై మొహాల పాచికని అటూ ఇటూ తిప్పి చూసినాది.

"ఎంత పడితే తగిలినట్టు?"

"పన్నెండు దాటాలి పిన్నీ," అన్నాను.

అంకెలు ఆవిడకి బాగా వచ్చు. మొగుడు బతికున్నప్పటినుంచీ బండి నంబర్లు చదివిన మనిషి. రెండుసార్లు చూసేసరికి మాకంటే ముందే చెప్పేస్తన్నాది, తగిలినాది, తగల్లేదు అని. తోడేలు చచ్చినప్పుడల్లా జాయ్ దాన్ని వేలితో పక్కకి పడుకోబెట్టినాడు. "ఆ నల్లదాన్ని వదలకండి బాబూ" అని పిన్ని షైని మోచేయి పొడిచినాది. షైని నవ్వినాది. నాకు కూడా కొంచెం ఊపిరి ఆడినాది. గట్టెక్కిపోయినాననే అనుకున్నాను. ఇలగే ఈ ఆదివారం దాటిపోతే ఇంక ఆవిడ బతికినన్నాళ్ళూ ఈ బొమ్మని అమ్మవారి బొమ్మగానే ఉంచేద్దామని లోపల లోపల మొక్కుకున్నాను కూడా.

అప్పుడు జాయ్ తన వీరుణ్ణి లైను చివర నేను కట్టిన స్టేషన్ గదిలో దాచడానికని దాని పైకప్పు ఎత్తినాడు.

"కప్పు లేస్తాదేటి?" అన్నాది పిన్ని. సంబరపడిపోయినాది. "మరి నా ఇంట్ల ఏటున్నాదో."

"పిన్నీ, ఆగు, అది ఇంకా..." అన్నాను నేను. లేచేసరికి ఆలస్యమైపోయినాది. ఆవిడ రెండు వేళ్ళతో తన ఇంటి కప్పు ఎత్తి పక్కన పెట్టేసినాది.

వంగి చూసినాది. ముందు నవ్వినాది, "నా గిన్నె కాదేటి ఇది, సెవి వంగిపోనాది కూడాను." తరువాత ఇంకా దగ్గరగా వంగినాది.

"ఇయ్యేటిరా? ముల్లంగి దుంపలా?"

చైతన్య తల దించుకున్నాడు. ఆవిడ వేలు పెట్టి ముట్టుకున్నాది. నేను వాటికి గోళ్ళు కూడా పెట్టినాను, ఒక్కొక్క గోరూ వేరుగా కనబడేటట్టు. పనిమంతుణ్ణి కదా. ఆవిడ వాటిని చూసినంతసేపూ చూసి, వేలు వెనక్కి తీసుకున్నాది.

"నూకాలమ్మ తల్లి పిల్లల్ని ఇస్తాది," అన్నాది నెమ్మదిగా. "తినదు."

ఫ్యాను తిరుగుతున్నాది. బయట ఎవరో కుళాయి కింద బిందె పెట్టిన చప్పుడు వినిపించినాది.

"ఇది తల్లి కాదు," అన్నాది. "ఈ ఆట ముందు ఏటని అనుకున్నారు?"

ఇప్పటికైనా ఇంకో అబద్ధం ఆడొచ్చు. నా దగ్గర అబద్ధాలు ఉన్నాయి. కానీ ఆవిడ నన్నే చూస్తన్నాది, నాకు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఇది రాకాసి పిన్నీ. పిల్లల్ని వండుకు తింటాది. వీళ్ళొచ్చి దాన్ని చంపాలి."

ఆవిడ తల ఊపినాది, ఎవరో బండి లేటని చెప్తే ఊపినట్టు. ఆ గిన్నెలో వండినదే తిని నేను ఇంతవాణ్ణి అయినాను. ఆ గిన్నెలో పిల్లల చేతులు పెట్టినాను. ఈ రెండు సంగతులూ ఆవిడకి ఒకేసారి తట్టి ఉంటాయి, ఎందుకంటే ఒకసారి గిన్నె వైపు, ఒకసారి నా వైపు చూసినాది. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించినాది. కుంగిపోలేదు, అక్కడే ఉన్నాను.

"పలాస సంబందం గురించేటి?" అన్నాది.

తల ఊపినాను.

"పిన్నీ, తప్పయిపోయినాది, నన్ను..."

"సరే, ఆడండి," అన్నాది ఆవిడ.

"వద్దు పిన్నీ, తీసేస్తాను, ఇంక ఆడం," అన్నాను. షైని అప్పటికే ఏడుస్తన్నాది.

"ముందు ఎలగ అనుకున్నారో అలగే ఆడండి బాబూ. నా కోసం ఆదివారం పాడుసేసుకోకండి. నాను సూస్తాను."

వద్దంటే ఆవిడ కదలదు, ఆడకపోతే ఆవిడ లేవదు. చైతన్య తన వీరుణ్ణి తెచ్చి ముసలిదాని ముందర నిలబెట్టినాడు. పాచిక వేసినాడు. అది బల్ల మీద దొర్లి, కుళాయి పక్కన టీపొడిలో ఆగినాది. పద్దెనిమిది.

"తగల్లేదు," అన్నాను నేను.

పిన్ని వంగి పాచిక చూసినాది. తరువాత నన్ను చూసినాది. మొహంలో కోపం లేదు. కోపమైతే నాకు అలవాటే.

"పన్నెండు దాటితే తగిలినట్టని ఇందాక మీరే సెప్పినారు కదా బాబూ," అన్నాది.

ముందు అందరితో అంటన్నాదనుకున్నాను. కాదు. నాతోనే. నేను పుట్టిన దగ్గరనుంచి ఆవిడ నన్ను ఒరే అనే పిలిచినాది, ఆస్పత్రి వరండాలో మా అమ్మ పోయినాదని చెప్పినప్పుడు కూడా ఒరే అనే చెప్పినాది.

ఆవిడ చెయ్యి చాపి, జాయ్ తోడేళ్ళని పడుకోబెట్టినట్టే, వేలితో ఆ బొమ్మని పక్కకి పడుకోబెట్టినాది. కుర్చీ పట్టుకొని లేచినాది. పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకున్నాది.

"పులిహోర తినండి, సల్లారిపోతాది. గిన్నెకి నూకరాజుని పంపిస్తాను," అని వెళ్ళిపోయినాది.

తిన్నాము. తినమన్నాది కాబట్టి తిన్నాము. బొమ్మని ఆ సాయంత్రమే సుత్తితో పొడి చేసినాను, ఇల్లు కూడా. అది ఆవిడ కోసం చేసినానని చెప్పుకోను. నాకు కనబడకుండా ఉండాలని చేసినాను.

రెండు రోజులు గడిచినాక కుళాయి దగ్గర దుర్గాంబ గారు కనబడ్డారు. పిన్ని బిందె పట్టుకొని నిలబడి ఉన్నాది. నేను వెనక వరసలో బకెట్‌తో ఉన్నాను. గుళ్ళో అమ్మవారి పూజలకి ఆ బొమ్మని ఒక పీట మీద పెడదామని కమిటీ అనుకున్నాదట. అది అడగడానికి దుర్గాంబ గారు పిన్నినే పిలిచినారు, బొమ్మ ఆవిడదే అన్నట్టు.

ఇప్పుడు చెప్తాదని అనుకున్నాను. చెప్పాలని కూడా కోరుకున్నాను, నిజంగా. ఆ లైను ముందర, అందరూ వింటూ ఉండగా, నన్ను దులిపేస్తే బాగుండును. ఒరే అని ఒక్క తిట్టు తిడితే చాలు. బకెట్ కింద పెట్టి చేతులు కట్టుకొని నిలబడినాను.

"అది కింద పడి ఇరిగిపోనాదండి," అన్నాది పిన్ని. "బాబు శానా బాద పడినారు. మల్లీ సెయ్యమని అడక్కండి."

"అయ్యో పాపం," అన్నారు దుర్గాంబ గారు, నా వైపు తిరిగి. "ఎంత భక్తిగా చేశాడో."

"అవునండి," అన్నాది పిన్ని. బిందె నిండినాది. చంకనెత్తుకొని, నేను అడ్డం ఉన్నాను కాబట్టి నా ముందర ఆగినాది.

"కొంచెం తప్పుకుంటారా బాబూ," అన్నాది.

తప్పుకున్నాను.